కారు స్టీరియో మార్చకుండా సౌండ్ బాగుపడుతుందా? లోపం తెరలో కాదు, తలుపులో ఉంది

విజయవాడలో కొత్త కారు కొన్నవాళ్లలో చాలామందికి మొదటి నెలలోనే ఒక అసంతృప్తి మొదలవుతుంది. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి ఆగినప్పుడు పాట బాగానే వినిపిస్తుంది. వారధి దాటి గుంటూరు హైవే ఎక్కి, బండి ఎనభై అందుకోగానే మృదంగం మాయమై గొంతు ఒక్కటే మిగులుతుంది. వాల్యూమ్ పెంచితే పాట పెరగదు, గోల పెరుగుతుంది. యాక్సెసరీల షాపులో అడిగితే స్టీరియో మార్చేయమంటారు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే వైరు ముట్టుకుంటే వారంటీ పోతుందంటారు. ఎవరి మాట వినాలో తెలియక అక్కడే ఆగిపోయేవాళ్లు ఎక్కువ.

రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. కానీ అసలు ప్రశ్న వేరు: సౌండ్ ఎక్కడ పాడవుతోంది? ఫోన్‌లో ఉన్న పాట చెవికి చేరేలోపు స్టీరియో, దానిలోని చిన్న ఆంప్లిఫయర్, వైరు, స్పీకర్, ఆ స్పీకర్ బిగించిన తలుపు, చివరికి క్యాబిన్‌లోని గాలి, ఇన్నిటినీ దాటాలి. ఈ దారిలో ఎక్కడ ఎంత నష్టపోతున్నామో తెలిస్తే, డబ్బు ఎక్కడ పెట్టాలో దానంతట అదే తేలుతుంది.

క్లుప్తంగా

ఇప్పటి కార్లలో స్టీరియో మార్చడం కష్టం, చాలాసార్లు అనవసరం కూడా. అది పంపే సిగ్నల్ మామూలుగా వినేవాళ్లకు సరిపోయేంత శుభ్రంగానే ఉంటుంది. బలహీనత ఉన్నది దాని పవర్‌లో, చవక స్పీకర్లలో, అన్నిటికంటే ఎక్కువగా స్పీకర్ బిగించిన తలుపు రేకులో. మొదట సెట్టింగులు, తర్వాత ముందు తలుపుల డాంపింగ్ (అంటే రేకు రంధ్రాలు మూసి, దాని మోత ఆపడం), ఆపైన ముందు స్పీకర్లు, ఇంకా కావాలంటే విడి ఆంప్లిఫయర్ (ఆంప్), సౌండ్‌ను సరిదిద్దే డిజిటల్ పరికరం డీఎస్‌పీ, బేస్ కోసం చిన్న వూఫర్. ఈ వరసలో వెళ్తే స్టీరియో ఉన్నచోటే ఉంటుంది, కంపెనీ వైరింగ్ తెగదు.

పాటల పెట్టె కంట్రోల్ రూమ్ అయింది

ఒకప్పుడు కారు స్టీరియోకు డ్యాష్‌బోర్డులో ఒక అర ఉండేది. దాని కొలత ఏ కంపెనీ కారులోనైనా దాదాపు ఒకటే: 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. ఐఎస్‌ఓ 7736 అనే ప్రమాణం దీన్ని ఖాయం చేసింది. ఎత్తు రెండింతలుంటే డబుల్ డిన్ అనేవారు. పాతది లాగేసి కొత్తది తోసి, నాలుగు వైర్లు కలిపితే పని అయిపోయేది. కారును షోరూమ్ నుంచి నేరుగా షాపుకు తీసుకెళ్లి క్యాసెట్ ప్లేయర్ పెట్టించుకున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. స్టీరియో మార్చమనే సలహా ఆ రోజుల నుంచి వచ్చిందే, ఆ రోజులకు అది సరైన సలహానే.

ఇప్పుడా అర లేదు. ఒక్కో కారు తెర ఒక్కో ఆకారంలో డ్యాష్‌బోర్డులో కలిసిపోయింది. రివర్స్ కెమెరా, స్టీరింగ్ మీది బటన్లు, ఫోన్ మైకు, ఆండ్రాయిడ్ ఆటో, కొన్ని కార్లలో ఏసీ, డోర్ లాక్ సెట్టింగులు అన్నీ ఆ తెర ద్వారానే నడుస్తాయి. ఇవన్నీ క్యాన్ బస్ అనే ఉమ్మడి వైరు మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మన దేశంలో 2019 జులై 1 నుంచి కొత్త కార్లకు రివర్స్ పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. కొన్ని కార్లలో ఆ బీప్ శబ్దం వచ్చేది పాట వచ్చే స్పీకర్ల నుంచే. స్టీరియో పీకేస్తే పాటతో పాటు ఇలాంటివి ఏవేవి పోతాయో బిగించేదాకా తెలియదు. అందుకే దాన్ని కదపకుండా, దాని తర్వాత ఉన్న దారిని బాగుచేసే పద్ధతి ప్రపంచమంతా పెరిగింది.

పెట్టె మీద 50 వాట్లు, స్పీకర్‌కు చేరేది 20

కారు బ్యాటరీని 12 వోల్టులది అంటాం కానీ, ఇంజిన్ తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటర్ నుంచి వచ్చేది 14 వోల్టులకు కాస్త పైన. 14.4 అనుకుందాం. స్టీరియో లోపలి ఆంప్లిఫయర్ ఒక చిన్న ఐసీ. దానికి ఇంతకు మించి వోల్టేజి అందే దారి లేదు. స్పీకర్ నిరోధం సాధారణంగా 4 ఓమ్‌లు. 14.4ను 14.4తో హెచ్చవేసి 4తో భాగిస్తే 51.8 వస్తుంది. పెట్టె మీద గొప్పగా అచ్చేసే 50 వాట్లు ఇవే. అయితే ఆ లెక్క, శబ్ద తరంగం తల నరికినట్టు చదరంగా మారిపోయినప్పటిది. ఆ స్థితిలో పాట వినలేం. తరంగం నునుపుగా ఉన్నప్పుడు వచ్చేది అందులో సగం, దాదాపు 26 వాట్లు. ట్రాన్సిస్టర్లలో పోయేది పోగా ఒక్కో స్పీకర్‌కు శుభ్రంగా అందేది 18 నుంచి 20 వాట్లు.

ఇరవై వాట్లు తక్కువేం కాదు. ఊళ్లో నెమ్మదిగా వెళ్తూ వినేటప్పుడు ఒకటి రెండు వాట్లకు మించి వాడం. చిక్కు హైవే మీద వస్తుంది. టైర్ల రొద, గాలి హోరు కలిసి చిన్న కారు క్యాబిన్‌లో 70 డెసిబెల్‌ల దాకా చేరతాయి. ఆ రొదలో ఎక్కువ భాగం కింది స్థాయి శబ్దమే, అంటే బేస్ లాంటి బరువైన శబ్దం. మృదంగం, డ్రమ్ము, బేస్ గిటార్ ఉండేదీ ఆ స్థాయిలోనే కాబట్టి రొద వాటినే ముందు మింగేస్తుంది, గొంతును వదిలేస్తుంది. గుంటూరు హైవే మీద జరిగేది ఇదే. శబ్దం 3 డెసిబెల్ పెరగాలంటే పవర్ రెట్టింపు కావాలి. 10 డెసిబెల్ పెరగాలంటే, అంటే చెవికి రెట్టింపు అనిపించాలంటే, పవర్ పది రెట్లు కావాలి. రెండు వాట్ల పాట ఇరవై వాట్లకు చేరింది, ఆంప్ హద్దు అయిపోయింది. అక్కడి నుంచి వాల్యూమ్ నొక్కితే తరంగం తల తెగుతుంది. గోల మొదలయ్యేది అక్కడే.

పై స్థాయి, అంటే సన్నని శబ్దాలిచ్చే చిన్న స్పీకర్లు, ట్వీటర్లు, కాలిపోయేదీ ఎక్కువగా ఇలాగే. ఆంప్ పవర్ ఎక్కువై స్పీకర్ కాలిందనుకుంటారు. తక్కువ పవర్ ఆంప్‌ను హద్దు దాటించడమూ అంతే ప్రమాదం. తల తెగిన తరంగంలో సగటు పవర్ రెట్టింపు దాకా పెరుగుతుంది, లేని పై స్థాయి శబ్దాలు పుట్టుకొస్తాయి, అవన్నీ ట్వీటర్ మీద పడతాయి.

ఆంప్ గానీ స్పీకర్ గానీ కొనేటప్పుడు పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకెను వదిలేసి, ఆర్‌ఎంఎస్ (నిలకడగా నడిచే పవర్) అని రాసి ఉన్న చిన్న అంకె చూడాలి. ఆంప్ మీద సీటీఏ-2006 అనే ముద్ర ఉంటే ఇంకా మంచిది. 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌లకు, ఒక శాతానికి మించని వక్రీకరణతో కొలిచిన పవర్ అని దానర్థం.

పైసా ఖర్చు లేని పని ముందు

పాట వచ్చే చోటే నాసిరకంగా ఉంటే తర్వాత ఎంత పెట్టినా దండగ. పాటల యాప్‌లలో నాణ్యత సెట్టింగ్ ఆటోమేటిక్‌లో ఉంటే, నెట్ బలహీనపడినప్పుడు పాట నాణ్యత కూడా పడిపోతుంది. స్పాటిఫైనే తీసుకుంటే అతి తక్కువ స్థాయి సెకనుకు 24 కిలోబిట్లు, వెరీ హై అనే స్థాయి 320 కిలోబిట్లు. తరచు వినే పాటలను ఇంట్లో వైఫై మీద పై స్థాయిలో డౌన్‌లోడ్ చేసుకుంటే దారిలో నెట్ గొడవే ఉండదు. మామూలు బ్లూటూత్‌లో పాటను మళ్లీ కుదించి పంపుతారు. ఆండ్రాయిడ్ ఆటో కేబుల్‌తో కలిపితే యూఎస్‌బీ మీద, వైర్‌లెస్ అయితే వైఫై మీద వస్తుంది కాబట్టి ఆ ఇబ్బంది తక్కువ. ఎఫ్‌ఎమ్ ప్రసారంలో 15 వేల హెర్ట్జ్ (సెకనుకు 15 వేల కంపనాలు) పైన ఏమీ ఉండదు, అందుకే రేడియో పెట్టి స్పీకర్లను పరీక్షించకూడదు.

తర్వాత స్టీరియోలో బేస్, ట్రెబుల్ సున్నా దగ్గర పెట్టి, సౌండ్‌ను కాస్త ముందు స్పీకర్ల వైపు జరిపి వినాలి. బేస్ పూర్తిగా పెంచి ఉంచడం వల్లే చాలా కార్లలో పాట ముందే చితికిపోతోంది.

తలుపే స్పీకర్ పెట్టె

విడి స్పీకర్‌ను చేత్తో పట్టుకుని పాట పెడితే రేకు డబ్బాలో నుంచి వచ్చినట్టు పీలగా వినిపిస్తుంది. అదే స్పీకర్‌ను అట్టపెట్టెకు కోసిన రంధ్రంలో కూర్చోబెడితే బేస్ లేచి వస్తుంది. స్పీకర్ మారలేదు, పవర్ మారలేదు. స్పీకర్‌లో కదిలే గరాటు లాంటి భాగం, కోన్, ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి మీద ఒత్తిడి పెరుగుతుంది, వెనక తగ్గుతుంది. ఈ రెండూ కలిస్తే ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటాయి. వెనక గాలిని ముందుకు రానివ్వకపోవడమే పెట్టె చేసే పని.

కారులో ఆ పెట్టె పని తలుపు చేయాలి. ఒక తలుపు విప్పి చూస్తే అది ఎంత అధ్వానపు పెట్టో తెలుస్తుంది. డోర్ ప్యాడ్ క్లిప్పులు ఊడదీసి పక్కన పెట్టగానే నల్లటి జిగురుతో అతికించిన పల్చటి పాలిథీన్ షీటు కనిపిస్తుంది. దాని వెనక లోపలి రేకు. అందులో అద్దం మోటారు బిగించడానికి, చెయ్యి పెట్టి పని చేయడానికి వదిలిన అరచేయంత రంధ్రాలు రెండు మూడు. వాటిలోంచి చూస్తే బయటి రేకు. వేలి కణుపుతో దాన్ని తడితే డబ్బా మోగినట్టు టంగుమంటుంది. ఈ చిల్లికుండకు ఆరున్నర అంగుళాల స్పీకర్ బిగించి బేస్ రావాలనుకుంటున్నాం. వెనక గాలి ఆ రంధ్రాల గుండా దర్జాగా ముందుకు వచ్చేస్తుంది.

బేసే ఎందుకు పోతుంది, గొంతు ఎందుకు పోదు అన్నదానికి జవాబు తరంగాల పొడవులో ఉంది. 100 హెర్ట్జ్ శబ్ద తరంగం పొడవు సుమారు మూడున్నర మీటర్లు. దానికి తలుపు చుట్టూ తిరిగి రావడం ఒక లెక్క కాదు. 3,000 హెర్ట్జ్ తరంగం పన్నెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. అది వెళ్లిన వైపే వెళ్తుంది.

డాంపింగ్ అనే పనిలో రెండు వేర్వేరు పనులున్నాయి, షాపుల్లో తరచు రెండూ కలిపేస్తారు. మొదటిది లోపలి రేకు రంధ్రాలు మూయడం. ఇది పూర్తిగా చేయాలి. పెద్ద రంధ్రానికి షీటు ఒక్కటే వేలాడేస్తే అదే డోలు తోలులా కొట్టుకుంటుంది, వెనక గట్టి పలక ఆసరా కావాలి. రెండోది బయటి రేకు మోతను ఆపడం. మోగుతున్న కంచు గిన్నె అంచును వేలితో తాకితే మోత ఆగిపోతుంది కదా, అదే సూత్రం. బ్యూటైల్ రబ్బరు షీటు, దాని మీద అల్యూమినియం రేకు. ఉక్కు రేకు వణికినప్పుడు మధ్యలోని రబ్బరు నలిగి ఆ వణుకును వేడిగా మార్చేస్తుంది. ఇందుకు రేకంతా కప్పక్కర్లేదు. పావు వంతు నుంచి సగం దాకా, మధ్య భాగంలో గట్టిగా అతికిస్తే చాలు. ఎక్కువ వేస్తే తలుపు బరువు పెరిగి కీళ్ల మీద భారం పడుతుంది, బిల్లూ పెరుగుతుంది.

మన ఎండల్లో షీటు ఏదన్నది పెద్ద విషయం. తారు ఆధారంగా చేసే చవక షీట్లు మే నెలలో ఎండకు నిలిపిన కారు తలుపులో మెత్తబడతాయి, వాసన కొడతాయి, జారి అద్దం పట్టాల మీద పడతాయి. రెంటచింతల, గుంటూరు, విజయవాడ ఎండలు తెలిసినవాళ్లు ఆ పది రూపాయల ఆదాకు ఆశపడకూడదు. రేకును స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచి, షీటును రోలర్‌తో గట్టిగా నొక్కాలి. తుడవకుండా దుమ్ము మీద అతికించిన షీటు ఒక్క వేసవి కూడా నిలవదు.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. అద్దం మీద నుంచి వాన నీళ్లు తలుపు లోపలికి దిగడం మామూలే. అవి పోవడానికి అడుగున చిన్న చిల్లులుంటాయి. షీటు వాటిని మూసేస్తే తలుపు లోపలి నుంచి తుప్పు పడుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. కొన్ని కార్లలో పక్క నుంచి గుద్దుకున్నప్పుడు సైడ్ ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి తలుపు లోపలి గాలి ఒత్తిడిని కొలిచే సెన్సర్ ఉంటుంది. అలాంటి తలుపుల్లో సెన్సర్‌ను కప్పడం గానీ, గాలి దారులు మార్చడం గానీ చేయకూడదు. ఆ మోడల్‌లో సెన్సర్ ఉందో లేదో సర్వీస్ సెంటర్‌లో అడిగి తెలుసుకున్నాకే పని మొదలుపెట్టాలి. సౌండ్ కోసం ప్రాణం మీదకు తెచ్చుకోవడం ఎవరికీ వద్దు.

ముందు రెండు తలుపులకు ఈ పని చేయించి, కంపెనీ స్పీకర్లతోనే ఒకసారి హైవే ఎక్కి వినాలి. మళ్లీ వేలి కణుపుతో తడితే రేకు టంగుమనదు, చెక్కను తట్టినట్టు ధడ్‌మంటుంది. తలుపు మూసినప్పుడు చప్పుడు కూడా మారుతుంది. చాలామందికి అక్కడితోనే సగం సమస్య తీరిపోతుంది.

స్పీకర్లు: అయస్కాంతం సైజు చూసి కొనొద్దు

కంపెనీ స్పీకర్లు చవకగా, తేలిగ్గా ఉండాలని చేసినవి. పల్చని కాగితపు కోన్, ప్లాస్టిక్ ఫ్రేమ్, చిన్న అయస్కాంతం. వాటిని మార్చడంలో అర్థం ఉంది. కానీ స్టీరియో సొంత ఇరవై వాట్లతోనే నడపాలనుకుంటే చూడాల్సింది అయస్కాంతం బరువు కాదు, సెన్సిటివిటీ. ఒక వాటు ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్ వస్తుందో చెప్పే అంకె అది. 92 ఉన్న స్పీకర్, 89 ఉన్నదాని కంటే సగం పవర్‌తోనే అంత శబ్దం ఇస్తుంది. పెద్ద అయస్కాంతం, బరువైన కోన్ ఉన్న ఖరీదైన స్పీకర్‌ను ఆంప్ లేకుండా బిగించి, పాత స్పీకరే నయమనుకునేవాళ్లుంటారు. వాళ్ల చెవి అబద్ధం చెప్పడం లేదు. ఆకలి ఎక్కువున్న స్పీకర్‌కు అరకడుపు తిండి పెట్టారు.

కోయాక్సియల్ అంటే ట్వీటర్ స్పీకర్ మధ్యలోనే ఉండే రకం. కాంపొనెంట్ అంటే ట్వీటర్ విడిగా ఉండేది. తలుపు కింద, మోకాలి దగ్గర ఉన్న స్పీకర్ నుంచి పై స్థాయి శబ్దాలు చెవికి నేరుగా రావు, సీటుకూ కాళ్లకూ తగిలి చచ్చిపోతాయి. అద్దం మూలలో ట్వీటర్‌కు చోటున్న కారైతే కాంపొనెంట్ పెట్టుకోవడం మేలు. పాడేవాళ్లు కాళ్ల దగ్గర కాకుండా ఎదురుగా ఉన్నట్టు అనిపిస్తుంది. వెనక తలుపుల స్పీకర్ల మీద ఖర్చు మాత్రం ఆఖరికి వాయిదా వేయవచ్చు. ముందు కూర్చున్నవాళ్లకు వాటి వల్ల లాభం తక్కువ.

బిగింపులో జరిగే ఒక చిన్న పొరపాటు మొత్తం ఖర్చును వృథా చేస్తుంది. రెండు స్పీకర్లలో ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారైతే ఒకటి గాలిని తోసేటప్పుడు రెండోది లాగుతుంది, బేస్ ఖాళీ అయిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి పెద్ద మీటరు అక్కర్లేదు. ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ సెల్ చాలు. స్టీరియో కప్లర్ (వైర్లన్నీ కలిసే ప్లగ్గు) నుంచి విడదీసిన స్పీకర్ వైర్లకు సెల్‌ను ఒక్క క్షణం తాకిస్తే టప్‌మని కోన్ కదులుతుంది. ప్లస్ వైరుకు సెల్ ప్లస్ తగిలినప్పుడు కోన్ బయటికి రావాలి. లోపలికి పోయిందంటే తారుమారైనట్టే. ట్వీటర్‌కు మాత్రం ఇలా నేరుగా చేయకూడదు.

స్పీకర్‌కూ తలుపుకూ మధ్య వేసే రింగు ప్లాస్టిక్‌దైతే మేలు. ఎండీఎఫ్ చెక్క రింగు వాన తడికి ఉబ్బి విచ్చిపోతుంది.

ఆంప్ పెడితే సిగ్నల్ ఎక్కడి నుంచి తీయాలి

హైవే ప్రయాణాలు ఎక్కువున్నవాళ్లకు ఇరవై వాట్లు చాలవు. ఒక్కో స్పీకర్‌కు 50 నుంచి 80 ఆర్‌ఎంఎస్ వాట్లిచ్చే నాలుగు ఛానెళ్ల ఆంప్ పెడితే 4 నుంచి 6 డెసిబెల్‌ల అదనపు జాగా దొరుకుతుంది. ఇది శబ్దం పెంచడానికి కాదు, మృదంగం దెబ్బ పడిన క్షణంలో తరంగం తల తెగకుండా ఉండటానికి.

ఫ్యాక్టరీ స్టీరియోకు ఆర్‌సీఏ అవుట్‌పుట్ (ఆంప్‌కు సిగ్నల్ పంపే విడి దారి) ఉండదు కాబట్టి ఆంప్ పెట్టలేమన్నది పాత మాట. స్పీకర్‌కు వెళ్లే వైరు నుంచే సిగ్నల్ తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్ ఇప్పుడు చాలా ఆంప్‌లలో ఉంది. స్టీరియో ఆన్ కాగానే దాని స్పీకర్ వైర్ల మీద బ్యాటరీలో సగం, అంటే ఆరేడు వోల్టుల నిలకడ వోల్టేజి వస్తుంది. దాన్ని పసిగట్టి ఆంప్ తనంతట తానే లేస్తుంది. కంపెనీ వైరును కోయాల్సిన పని కూడా లేదు. స్టీరియో కప్లర్‌కూ కారు కప్లర్‌కూ మధ్య టీ ఆకారంలో దూర్చే రెడీమేడ్ హార్నెస్‌లు (కప్లర్లు బిగించిన వైర్ల గుత్తులు) దొరుకుతాయి. కారు అమ్మేటప్పుడు ఊడదీస్తే మళ్లీ మొదటి స్థితే. మోడల్‌కు సరిపడే హార్నెస్ షాపులో లేకపోతే తెప్పించమని అడిగి నాలుగు రోజులు ఆగడం, ఇన్సులేషన్ టేపు చుట్టించుకోవడం కంటే ఎన్నో రెట్లు నయం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా ఫ్యాక్టరీ స్టీరియోలు వాల్యూమ్ పెరిగేకొద్దీ బేస్‌ను నిశ్శబ్దంగా తగ్గించేస్తాయి. కంపెనీ పెట్టిన చవక స్పీకర్లు చిరిగిపోకుండా కాపాడే ఏర్పాటు అది. కొత్త స్పీకర్లు వచ్చిన సంగతి దానికి తెలియదు. అందుకే ఆంప్ పెట్టించాక కూడా పెద్ద వాల్యూమ్‌లో బేస్ పీలగానే ఉందని కొందరు మళ్లీ షాపుకు వస్తారు. ఒకే పాటను వాల్యూమ్ 12 దగ్గర, 25 దగ్గర విని చూస్తే తెలిసిపోతుంది. మందు రెండు రకాలు: స్టీరియోను మధ్య స్థాయిలోనే ఉంచి మిగతా పని ఆంప్‌కు వదిలేయడం, లేదా ఈ కోతను సరిదిద్దే డీఎస్‌పీ పెట్టడం.

క్రెటాలో బోస్, ఎక్స్‌యూవీ 700లో సోనీ సిస్టమ్‌లున్న పై మోడళ్ల సంగతి వేరు. ఇలాంటి బ్రాండెడ్ సిస్టమ్‌లలో ఆంప్ విడిగా ఉండవచ్చు, స్పీకర్లు 2 ఓమ్‌ల లాంటి వేరే నిరోధంతో ఉండవచ్చు. వాటిలో ఒక్క స్పీకర్‌ను మార్చి మామూలు 4 ఓమ్‌లది పెడితే శబ్దం తగ్గిపోతుంది, ముందే లెక్కగట్టి పెట్టిన బ్యాలెన్స్ చెడిపోతుంది. ఈ కార్లలో డాంపింగ్‌తో ఆగిపోవడమే తెలివైన పని. ఇంకా ముందుకు వెళ్లాలంటే, స్థాయిల వారీగా ముక్కలు ముక్కలుగా వచ్చే సిగ్నల్‌ను మళ్లీ కలిపే డీఎస్‌పీ, దాన్ని సరిచేయగలిగిన మనిషి, రెండూ కావాలి.

కుడి స్పీకర్ దగ్గర, ఎడమ స్పీకర్ దూరం

మన కార్లలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. కుడి తలుపు స్పీకర్ కంటే ఎడమది అర మీటరు ఎక్కువ దూరం అనుకుందాం. వేసవి వేడిలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు వెళ్తుంది. అంటే ఎడమ శబ్దం 1.4 మిల్లీసెకన్లు ఆలస్యం. చాలా చిన్న తేడా అనిపిస్తుంది కానీ, ముందు చేరిన వైపు నుంచే శబ్దం వస్తోందని మెదడు తీర్మానించేసుకుంటుంది. పాటంతా కుడి తలుపుకు అతుక్కుపోయినట్టు ఉండటానికి కారణం ఇదే. డీఎస్‌పీ కుడి స్పీకర్‌ను అంతే సమయం ఆపి వదులుతుంది. అప్పుడు గొంతు డ్యాష్‌బోర్డు మధ్యకు వచ్చి నిలబడుతుంది. టేపు పట్టుకుని ప్రతి స్పీకర్ నుంచి తల దాకా దూరం కొలిచి అంకెలు ఎక్కించడం దీనిలో మొదటి మెట్టు. ఆ తర్వాత మైకు పెట్టి, క్యాబిన్‌లో ఉబ్బిన స్థాయిలను తగ్గించడం. ఈ రెండూ చేయకుండా డీఎస్‌పీని ఊరికే బిగించి పంపేస్తే డబ్బు బూడిదలో పోసినట్టే. కొనేముందు ట్యూనింగ్ ఎవరు చేస్తారో, మైకుతో చేస్తారో లేదో అడగాలి.

వూఫర్ ఎంత కావాలి

తలుపు స్పీకర్లు 60, 70 హెర్ట్జ్ కిందకు కష్టపడతాయి. ఆ కింది పని వూఫర్‌కు అప్పజెబితే అవి హాయిగా పాడతాయి. కారు క్యాబిన్ చిన్నది కావడం వల్ల కింది స్థాయి శబ్దాలు దానంతట అవే బలపడతాయి, అందుకే ఇంటికి కావాల్సినంత వూఫర్ కారుకు అక్కర్లేదు. సీఎన్‌జీ సిలిండర్‌తో డిక్కీ నిండిన కార్లలో సీటు కింద పట్టే ఎనిమిది అంగుళాల యాక్టివ్ (సొంత ఆంప్ ఉన్న) వూఫర్ చాలు. అయితే సీటు కింద పెట్టేది ఏదైనా నీళ్లకు మొదట దొరుకుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు కార్లలోకి ఎంత నీరు చేరిందో నగరం చూసింది. పల్లపు కాలనీల్లో ఉండేవాళ్లు ఆంప్‌నైనా కాస్త ఎత్తులో పెట్టించుకోవాలి.

వైరు, ఫ్యూజు, వారంటీ, బీమా

బ్యాటరీ నుంచి ఆంప్‌కు వచ్చే పవర్ వైరే కారులో నిజమైన ప్రమాదం. దానికి బ్యాటరీ నుంచి అర మీటరు లోపలే ఫ్యూజు ఉండాలి. ఆ వైరు ఎక్కడైనా రేకుకు ఒరుసుకుని తొడుగు చిరిగితే, ఫ్యూజు లేకపోతే, బ్యాటరీ శక్తంతా అక్కడే నిప్పవుతుంది. ఇంజిన్ గది గోడ దాటేచోట వైరు ఒరుసుకోకుండా కాపాడే రబ్బరు రింగు, గ్రోమెట్, తప్పనిసరి. చవక కిట్లలో వైరు పైకి రాగిలా కనిపిస్తుంది, లోపల అల్యూమినియం ఉంటుంది. అదే మందంలో అసలు రాగి కంటే తక్కువ కరెంటు మోస్తుంది, ఎక్కువ వేడెక్కుతుంది. చివర కొంచెం గీకి చూస్తే వెండి రంగు బయటపడుతుంది. ఎర్త్ వైరును పెయింటు గీకిన రేకుకే బిగించాలి. అక్కడ వదులుంటే ఇంజిన్ రేజ్ చేసినప్పుడల్లా స్పీకర్లలో కూత వినిపిస్తుంది.

ఎలక్ట్రిక్ కార్లలో ఆల్టర్నేటర్ ఉండదు. 12 వోల్టుల బ్యాటరీని డీసీ-డీసీ కన్వర్టర్ నింపుతుంది. ఆంప్‌కు పవర్ ఆ 12 వోల్టుల వైపు నుంచే తీయాలి. హై వోల్టేజి మోసే నారింజ రంగు కేబుళ్ల దరిదాపుల్లోకి మామూలు ఆడియో మెకానిక్ వెళ్లకూడదు.

వారంటీ విషయంలో భయం పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. వైరు కోసి, టేపు చుట్టి ఉంటే, ఎలక్ట్రికల్ లోపం ఏది వచ్చినా దాన్ని ఆ కోత మీదకు నెట్టే అవకాశం కంపెనీకి దొరుకుతుంది. కప్లర్‌తో కలిపిన హార్నెస్ అలాంటి సాకు ఇవ్వదు. అయినా ఆ కారు వారంటీ పుస్తకంలో బయటి ఎలక్ట్రికల్ సామాను గురించి ఏం రాశారో ముందే చదువుకోవాలి. బీమాలో మాత్రం చాలామంది మరచిపోయే పని ఒకటుంది. కారు ధరలో లేని ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ సామానుకు ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి చేర్చుకునే అదనపు రక్షణ) ఉంది. ఆంప్, స్పీకర్ల బిల్లులు చూపించి, కొంచెం అదనపు ప్రీమియం కట్టి దాన్ని పాలసీలో చేర్పించుకోవాలి. చేర్పించకపోతే దొంగతనంలో గానీ, వరదలో గానీ ఆ సామానుకు పైసా రాదు.

పని పూర్తయ్యాక బండి తీసుకునేటప్పుడు పాట ఒక్కటే విని వచ్చేయకూడదు. మొదట నాలుగు అద్దాలూ దించి ఎక్కించాలి. సెంట్రల్ లాక్ వేసి తీయాలి. రివర్స్ గేరు వేసి పార్కింగ్ బీప్ వస్తోందా, మరీ చెవులు పగిలేలా వస్తోందా చూడాలి. ఎక్కువైతే ఆంప్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) తగ్గించి, ఆ మేరకు స్టీరియో వాల్యూమ్ పెంచి వాడుకునేలా సర్దించుకోవాలి. ఫోన్ కాల్ ఒకటి చేయాలి. డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరిందో లేదో చూడాలి. ఆ తర్వాత బాగా తెలిసిన పాట ఒకటి పెట్టుకుని కాజ టోల్‌గేటు దాకా వెళ్లి రావాలి. డోర్ ప్యాడ్ క్లిప్పు ఒక్కటి సరిగ్గా కూర్చోకపోయినా ఆ వేగంలో, ఆ బేస్‌కు అది గిలకలా కొట్టుకోవడం మొదలవుతుంది. షాపు తెరిచి ఉండగానే తిరిగి వచ్చి చెబితే సరిచేయడానికి పది నిమిషాలు పట్టదు.